బ్రౌనీకి పోపు

హైదరాబాదులో బేకింగ్ చాలాకాలం ఇంటి పని కాదు. పిండి మనది, నెయ్యి మనది, చక్కెర మనది. నిప్పు మాత్రం బేకరీవాళ్లది. రంజాన్ చివరి రోజుల్లోనూ, క్రిస్మస్ ముందు వారంలోనూ నగరంలోని కొన్ని బేకరీల దగ్గర ఈ పద్ధతి ఇప్పటికీ నడుస్తోంది. సరుకంతా ఇంటి నుంచి తెచ్చి, దగ్గరుండి కలిపించుకుని, బిస్కెట్లో కేకులో కాల్పించుకుని పట్టుకెళ్తారు. ఆ క్రిస్మస్ కేకులో దాల్చినచెక్క, లవంగం, జాజికాయ పడతాయి. ఇరానీ చాయ్ పక్కన జీరా బిస్కెట్ ఎటూ ఉండనే ఉంది. కాల్చిన తీపిలో సుగంధ దినుసు వేయడం ఈ ఊరు ఎప్పుడో నేర్చింది. తర్వాత వచ్చి చేరింది చాక్లెటే.

2020 లాక్‌డౌన్‌లో చిక్కడపల్లి, నారాయణగూడ, అశోక్‌నగర్ అపార్ట్‌మెంట్లలోనూ వంటగట్టు మీదికి ఓటీజీలనే చిన్న కరెంటు ఓవెన్లు వచ్చాయి. అప్పట్లో మోజుగా కొన్నవాటిలో కొన్ని ఇప్పుడు అటక మీద ఉండొచ్చు. నిలిచిన చోట మాత్రం వాటిలో ఎక్కువగా కాలేది బ్రౌనీయే అని నా అంచనా. ఎందుకంటే స్పాంజి కేకు పొంగకపోతే పరువు పోతుంది, బ్రౌనీ పొంగనక్కర్లేదు. బీటర్ అక్కర్లేదు, క్రీమ్ అక్కర్లేదు, ఒక గిన్నె, ఒక గరిటె చాలు. 1893లో షికాగో పామర్ హౌస్ హోటల్లో పుట్టిందని ఒక కథ చెబుతారు. ఫ్యానీ ఫార్మర్ వంటపుస్తకం 1906 ముద్రణ నాటికి చాక్లెట్ బ్రౌనీ అచ్చులోకి ఎక్కింది. అంతకుమించి దాని పుట్టుపూర్వోత్తరాలతో మనకు పని లేదు.

పని ఉన్నది కోకో గింజనిచ్చే కకావోతో. మధ్య అమెరికా ప్రజలు చక్కెర ముఖం చూడకముందే కకావో గింజలు నూరి, మిరపకాయ కలిపి, నురగ వచ్చేలా ఒంపి తాగారు. చాక్లెట్లో కారం అనగానే మొహం చిట్లించేవాళ్లకు ఈ సంగతి చెప్పాలి: చాక్లెట్‌కు ముందు పరిచయమైంది కారమే, చక్కెర తర్వాత వచ్చింది. ఆ రెండు మొక్కలూ అక్కడినుంచే సముద్రాలు దాటాయి. మిరప గుంటూరు, వరంగల్ నేలల్లో స్థిరపడింది. కకావో ఏలూరు, పశ్చిమ గోదావరి ప్రాంతాల కొబ్బరి, పామాయిల్ తోటల్లో అంతర పంటగా పెరుగుతోంది. దేశంలో కోకో పంటకు ఆంధ్రప్రదేశే పెద్ద దిక్కు. పులియబెట్టి ఎండబెట్టిన ఆ గింజలతో చాక్లెట్ చేసే ‘మనం చాక్లెట్ కార్ఖానా’ను 2023లో బంజారాహిల్స్‌లో తెరిచారు. అంటే బ్రౌనీకి కావలసిన చాక్లెట్టూ కారమూ ఇప్పుడు తెలుగు నేల మీదే దొరుకుతున్నాయి.

కొనేటప్పుడు ఒక్కటి చూసుకోవాలి. దుకాణాల్లో అగ్గువకు దొరికే డార్క్ కాంపౌండ్ చాక్లెట్ కాదు. అందులో కోకో బటర్ స్థానంలో వేరే నూనెల కొవ్వు ఉంటుంది. ఎండకు తొందరగా కరగదు కాబట్టి అమ్మేవాళ్లకు సుఖం. కోకో బటర్ మన ఒంటి వేడికి కొంచెం తక్కువలోనే కరుగుతుంది, నోట్లో వెన్నలా జారిపోవడం దానివల్లే. కాంపౌండ్‌తో చేసిన బ్రౌనీ అంగిట్లో మైనంలా అంటుకుంటుంది. దాని మీద ఎన్ని యాలకులు వేసినా దండగే. పెట్టె వెనక చిన్న అక్షరాలు చదివి, కోకో బటర్ అని ఉంటేనే తీసుకోండి.

ఇక దినుసులు. చాలామంది మసాలా బ్రౌనీ అంటే మైదాలో దాల్చినచెక్క పొడి చల్లడం అనుకుంటారు. అందుకే అది రంపపు పొట్టు వాసన వేస్తుంది. పప్పుకు పోపు ఎందుకు పెడతామో తెలిసిన చేతికి ఇక్కడ ఏం చేయాలో కొత్తగా చెప్పనవసరం లేదు. దినుసుల పరిమళం చాలావరకు నూనెల్లో ఉంటుంది, నూనెలోనే విడుదలవుతుంది. కాబట్టి చాక్లెట్ కరిగించే వెన్నలోనే వాటిని మేలుకొల్పాలి. చిన్న మంట మీద వెన్న కరగగానే దాల్చినచెక్క పొడి, లవంగం పొడి వేసి అర నిమిషం తిప్పితే వాసన గది దాటుతుంది. మంట ఆర్పేశాకే కారం వేయాలి, అది చిటికెలో మాడుతుంది. యాలకుల వాసన ఎగిరిపోయే రకం. చాక్లెట్ కూడా కరిగి, గిన్నె గోరువెచ్చగా అయ్యాక కలపాలి. యాలకులను పొట్టు తీసి, చెంచాడు చక్కెరతో కలిపి రోట్లో నూరితే మెత్తగా నలుగుతాయి, పొడి వృథా కాదు.

కారానికి నా ఓటు వరంగల్ చపాటా మిర్చికి. 2025లో భౌగోళిక గుర్తింపు పొందిన ఈ కాయ టమాటాలా గుండ్రంగా, ఎర్రగా ఉంటుంది. ఘాటు తక్కువ, రంగు ఎక్కువ. గుంటూరు కారమే ఇంట్లో ఉంటే సగానికి సగం తగ్గించండి. మిరపలోని క్యాప్సైసిన్ కొవ్వులో కరుగుతుంది, నీళ్లలో కరగదు. బ్రౌనీ నిండా కొవ్వే కనుక కారం నాలుకకు వెంటనే తగలదు. ముందు చాక్లెట్ చేదు, తర్వాత తీపి, మింగాక గొంతులో సన్నటి సెగ. మొదటి ముక్క తిని కారమే లేదన్నవాళ్లు రెండో ముక్క దగ్గర మంచినీళ్లు అడుగుతారు. మిరియాలైతే ఇంకొంచెం ముందే పలుకుతాయి. శొంఠి వాటికి మంచి జోడీ.

అన్నీ ఒకేసారి వేయకండి. దాల్చినచెక్క, మిర్చి ఒక జట్టు. యాలకులు, శొంఠి, కాఫీ డికాక్షన్ ఇంకో జట్టు. చిక్కడపల్లి ఇళ్లకు రెండోదే నప్పుతుంది, పొద్దున ఫిల్టర్లో మిగిలిన చిక్కటి డికాక్షన్ రెండు చెంచాలు కోకోలో కలిపితే చాక్లెట్ రుచి ఒక మెట్టు పైకెక్కుతుంది. లవంగం ఎప్పుడైనా రెండు మొగ్గలకు మించకూడదు, మించితే దంతవైద్యుడి కుర్చీ గుర్తొస్తుంది. గరం మసాలా డబ్బా వైపు మాత్రం చెయ్యి పోనివ్వకండి. ధనియాల వాసన వచ్చిందంటే అది కూర.

కొలతలు ఇవి. ఎనిమిది అంగుళాల చదరపు ట్రేకి 150 గ్రాముల చాక్లెట్, 110 గ్రాముల వెన్న, 180 గ్రాముల చక్కెర, రెండు గుడ్లు, 70 గ్రాముల మైదా, 20 గ్రాముల కోకో, చిటికెడు ఉప్పు. దుకాణంలో దొరికే ఉప్పు వెన్నయితే ఆ చిటికెడూ వద్దు. నెయ్యి వాడదలిస్తే 90 గ్రాములు చాలు. వెన్నలో కొవ్వు 80 శాతమే, తక్కినది చాలావరకు నీరు. నెయ్యి దాదాపు అంతా కొవ్వే. దినుసులు అర చెంచాతో మొదలుపెట్టి మీ నాలుకను బట్టి పెంచుకోండి.

పైన కాగితంలా పలచటి మెరిసే పొర రావాలంటే గుడ్లనూ చక్కెరనూ ఐదు నిమిషాలు బాగా గిలకొట్టాలి. చక్కెర కరిగిన కొద్దీ పొర నిగనిగలాడుతుంది. అందులో చాక్లెట్, వెన్న మిశ్రమం కలిపి మైదా వేశాక ఆ హుషారు తగ్గించుకోవాలి, ఎక్కువ కలిపితే గ్లూటెన్ బిగిసి ముక్క రబ్బరవుతుంది. తెల్లచారలు కనబడకుండా పోయేవరకు కలిపితే చాలు.

మరి గుడ్డు గడప దాటని ఇళ్ల మాట? చిక్కడపల్లి వైపు పేటల్లో అవి తక్కువేం కాదు. పెరుగు, వంటసోడా కలిపి చేసేది నోటికి బాగానే ఉంటుంది గానీ అది కేకు. గుల్లగా పొంగి కూర్చుంటుంది. బ్రౌనీ సాంద్రత కావాలంటే అవిసెగింజలు మేలు. రెండు పెద్ద చెంచాల మెత్తటి పొడిని ఆరు పెద్ద చెంచాల గోరువెచ్చని నీళ్లలో పది నిమిషాలు నానబెడితే జిగురు పడుతుంది, రెండు గుడ్ల పని చేస్తుంది. కారప్పొడికి వేయించినట్టు వేయించకండి, పచ్చివే పొడి చేయాలి. పైన మెరిసే పొర రాదు, దానికి ఆశపడొద్దు. నలగ్గొట్టిన జీడిపప్పు చల్లితే ఆ లోటు కనబడదు.

175 డిగ్రీల్లో 22 నుంచి 25 నిమిషాలు. ఓటీజీని ముందే పావుగంట వేడెక్కనిచ్చి, పైనా కిందా రెండు రాడ్లూ వెలిగించాలి. మధ్యలో గుచ్చిన పుల్లకు తడి తునకలు అంటుకుని రావాలి. శుభ్రంగా వచ్చిందంటే ఆలస్యమైపోయింది. అశోక్‌నగర్‌లో పరీక్షల కోసం గది తీసుకుని ఒంటి పొయ్యి మీద వండుకునే పిల్లలకు పాత కుక్కరే ఓవెన్. అడుగున దొడ్డుప్పు పరిచి, స్టాండు పెట్టి, గాస్కెట్టూ విజిలూ తీసేసి, సన్నసెగ మీద 40 నిమిషాల పైచిలుకు. వేడి కిందినుంచే వస్తుంది కనుక అడుగు కాస్త గట్టిపడుతుంది, దానికి రెండు పొరల బటర్ పేపర్ వేయాలి. ఆ కుక్కర్‌ను మళ్లీ పప్పుకు వాడకుండా ఇందుకే కేటాయించడం మంచిది.

దించగానే కోయకూడదు. వేడి మీద ఉన్న బ్రౌనీ ఇంకా ముద్దే, పూర్తిగా చల్లారాకే చాకు అంచు నిలుస్తుంది. వేడినీళ్లలో ముంచి తుడిచిన చాకుతో, ఒక్కో కోతకూ మళ్లీ తుడుస్తూ కోయాలి. దినుసు బ్రౌనీకి ఇంకో రాత్రి గడువిస్తే నష్టం లేదు. ఆవకాయలాగే ఇదీ ఊరాలి. దాల్చినచెక్క మొరటుతనం తగ్గి, యాలకులు పైకి తేలతాయి. స్టీలు డబ్బాలో మూడు నాలుగు రోజులుంటుంది. మే నెలలో మాత్రం ఫ్రిజ్‌లో పెట్టి, తినే ముందు అరగంట బయట ఉంచండి, చల్లటి ముక్కలో చాక్లెట్ పలకదు.