నల్ల తీగ

నల్ల తీగంటే న్యూట్రల్. చిన్నప్పుడు మా ఊరి ఎలక్ట్రీషియన్ వెంట నిచ్చెన మోస్తూ నేర్చుకున్న మొదటి పాఠమది. అమెరికా వచ్చి గోడలో స్విచ్చు విప్పితే నల్లదే ఫేజు, తెల్లది న్యూట్రల్. సరే, దేశాచారం అనుకున్నాను. కారు బానెట్ ఎత్తితే నల్లది ఎర్త్. ఇవన్నీ ఒకే కప్పు కింద కాపురం చేసే చోటు ఒకటుందని పాత మోటార్‌హోమ్ కొన్నాక తెలిసింది.

మోటార్‌హోమంటే లారీ మీద కట్టిన ఇల్లు. ఛాసిస్, ఇంజను ఒకరివి. దాని మీద వంటిల్లు, మంచం, స్నానాలగది బిగించేది ఇంకొకరు. ఎవరి రంగులు వాళ్లవి. నా బండిలో స్టీరింగ్ దగ్గర నల్లది మైనస్. నాలుగడుగులు వెనక్కి వేసి వంటింట్లోకి వస్తే, అదే 12 వోల్టుల్లో నల్లది ప్లస్, తెల్లది మైనస్. పక్కనే ఇంకో నల్ల తీగ, అందులో 120 వోల్టుల ఏసీ. క్యాంపుగ్రౌండు స్తంభం నుంచి వచ్చే ఆ ఏసీని కన్వర్టర్ 12 వోల్టుల డీసీగా మార్చి బ్యాటరీని నింపుతుంది, దీపాలను, నీళ్ల పంపును నడుపుతుంది. అందుకే స్తంభం దగ్గర ప్లగ్గు పీకి, జనరేటరు, ఇన్వర్టరు ఆపి, మీటరు పెట్టి చూశాకే ఏ తీగనైనా ముట్టుకుంటాను. 12 వోల్టులే కదా అని ఉంగరంతో బ్యాటరీ దగ్గరికి కూడా వెళ్లను. షాకు కొట్టదు గానీ, ఉంగరం రెండు కొసల మధ్య పడిందంటే ఎర్రగా కాలుతుంది.

పోయిన నెల టెక్సాస్ కొండల్లో ఒక రాత్రి మా ఆవిడ అంట్లు కడగడానికి కుళాయి తిప్పింది. పంపు మొదలైంది, దీపాలు నూనె అయిపోయిన ప్రమిదల్లా అయిపోయాయి. కుళాయి కట్టేస్తే మళ్లీ వెలుగు. "నీళ్లు కావాలో వెలుతురు కావాలో తేల్చుకోమంటోందండీ మీ బండి" అంది. రిపేరు షాపులో బ్యాటరీ పోయిందన్నారు. కొత్తది కొన్నాం. అదే వరస.

అప్పుడు గుర్తొచ్చాడు విజయవాడ ఆటోనగర్‌లో మా బాబాయి లారీ చూసిన మేస్త్రి. ఒక హోల్డరు, బల్బు, దానికి రెండు తీగలు, ఆయన సరంజామా అంతే. బ్రేకు తొక్కితే వెనక దీపాలన్నీ మినుకుమంటున్నాయని బాబాయి చెబుతుండగానే, లైటు పక్కన బాడీ మీద పెయింటును స్క్రూడ్రైవరుతో గీకడం మొదలుపెట్టాడు. "ఎర్త్ అందట్లేదు ఓనరుగారూ. కరెంటొచ్చింది, పోడానికి దారి లేదు."

పంపు నడుస్తుండగా కొలిచాను. బ్యాటరీ దగ్గర 12.6, దీపం దగ్గర 9.8. మీటరు ఒక కొస దీపం తెల్ల తీగకు, రెండోది బ్యాటరీ మైనస్‌కు పెట్టాను. రెండూ ఒకచోటికి చేరేవే, కాబట్టి సున్నాకి దగ్గరగా చూపించాలి. 2.6 చూపించింది. పంపు ఆపితే ఏమీ లేదు. బరువు పడితేగానీ కిర్రుమనని తలుపు కీలులాంటిది ఈ జబ్బు.

బండి కింద పడుకుని టార్చి వేస్తే దొరికింది. మంచం ఉన్న చోటికి కింద, ఛాసిస్ దూలానికి బిగించిన ఎర్త్ తీగ లగ్గు కింద పెయింటు, పైన తుప్పు. 7 ఆంపియర్లు పోయే చోట 2.6 వోల్టులు మిగిలిపోతున్నాయంటే 18 వాట్ల వేడి, చిన్న సోల్డరింగ్ ఐరన్‌తో సమానం. అదీ చెక్క నేల కింద! గరుకు కాగితంతో ఇనుము మెరిసేదాకా రుద్ది, పళ్ల వాషరు వేసి బిగించి, పైన గ్రీజు పూశాను. ఖర్చు డాలరు లోపే. కొత్త బ్యాటరీ సంగతి ఇంట్లో ఎత్తడం లేదు.

ఆ ఊపులో ఫ్యూజుల పెట్టె కూడా విప్పాను. 15 ఉండాల్సిన చోట 30 ఆంపియర్ల ఫ్యూజు పెట్టిపోయాడు పాత యజమాని. మాటిమాటికీ పోతోందని పెద్దది పెట్టుంటాడు. కాలాల్సింది ఫ్యూజు, తీగ కాదు. మార్చేసి, పెట్టె మూత లోపల మార్కరుతో తెలుగులో రాసిపెట్టాను: "వంటింట్లో నలుపు ప్లస్సు. ముందర మైనస్సు. ఎర్త్ మంచం కింద." రేపు ఈ బండి కొనేవాడు ఆ గుండ్రటి అక్షరాల ముందు నిలబడి, ఇదేం సర్క్యూటని తల గోక్కుంటాడో ఏమో.