వాన వచ్చిన తరువాత

కరువు నవలను కరువు సీమలో చదివినపుడే దాని బరువు తెలియును. ఆంగ్ల రచయిత జె.జి. బల్లార్డ్ 1964లో ‘ది బర్నింగ్ వరల్డ్’ అను పేర ప్రకటించి, 1965లో పెంచి ‘ది డ్రౌట్’గా వెలువరించిన నవలను పాలమూరు, నల్లగొండ మెరక నేలల పాఠకుడు ఎట్లు తూచును?

కథ స్వల్పము. వానలు నిలిచిపోవును, నది ఎండును, జనము సముద్రతీరమునకు తరలిపోవును. రాన్సమ్ అను వైద్యుడు అక్కడి ఉప్పు దిబ్బలలో పదేండ్లు గడపి, ఎండిన నది వెంట తిరిగి వచ్చును. సంఘటనలు కొద్ది. కథ నెమ్మదిగా అతని మనస్సులోనికే నడచును.

వాన ఏల నిలిచినది? పరిశ్రమల వ్యర్థముల నుండి పుట్టిన బృహదణువుల పొర సముద్రముపై పరచుకొని, నీటిని ఆవిరి కానీయలేదట. ఇది వట్టి కల్పన కాదు. సిటైల్ ఆల్కహాలు నీటిపై ఒక్క అణువు మందమున పరచుకొని బాష్పీభవనమును తగ్గించును. జలాశయములపై దీనిని ప్రయోగించి చూచిరి కూడ. కాని గాలికి, అలలకు ఆ పొర చెదరును. జలాశయముపైననే నిలువనిది మహాసముద్రముపై నిలుచునా?

ఇంతకంటె పెద్ద లోపము, విపత్తుకు ఒక్కటే కారణము చూపుట. మన మెరక నేలలలో వాన నిలిచిపోలేదు. ఏటా సుమారు 600 నుండి 750 మిల్లీమీటర్లు కురియును. అడుగున గ్రానైటు బండ. నీరు నిలుచునది దాని పైనున్న మెత్తని పొరలోను, బండ పగుళ్ళలోను మాత్రమే. చెరువులు పూడినవి, బోర్లు లోతెక్కినవి, లీటరుకు 1.5 మిల్లీగ్రాముల మేర దాటిన ఫ్లోరైడు నల్లగొండలో ఎముకలను వంచినది. పాలమూరు కూలీలు పరసీమల ఆనకట్టలకు మట్టి మోయ వలసపోయిరి. ఇందులో ఏదియు ఒక్కనాడు జరిగినది కాదు.

అయినను నవల చదువదగినది. అది ముగింపు వలన. చివరకు వాన కురియును. రాన్సమ్ దానిని గమనింపడు. ఇది వింతగా తోచవచ్చును. కాని 2016లో ప్రారంభమైన మిషన్ భగీరథ నల్లగొండ పల్లెలకు నదీజలము తెచ్చినది. పసిబిడ్డలకు ఆ నీరు రక్ష. ఇదివరకే వంగిన వెన్నును మాత్రము నల్లాలోని మంచినీరు నిలబెట్టజాలదు. నీరు వచ్చినంతనే విపత్తు ముగియదని బల్లార్డ్ మనస్సున చూచి చెప్పెను. దేహమున చూచి చెప్పవలసిన కథ ఈ నేలలో ఉన్నది.