సరస్సు తిరగబడే వారం

అక్టోబరు వచ్చేసరికి అమెరికాలోని విస్కాన్సిన్, మిన్నెసోటా సరస్సుల మీద ఒక్కోసారి కుళ్లిన కోడిగుడ్ల వాసన వేస్తుంది. నిన్నటిదాకా తేటగా ఉన్న నీరు మసకబారుతుంది. ఎప్పుడో చచ్చి అడుగుకు చేరిన నాచు ముక్కలు పైకి తేలతాయి, ఒడ్డు వెంట నురగ పేరుకుంటుంది. గాలం వేసేవాళ్లు పొద్దంతా పడవలో కూర్చుని ఒట్టి చేతులతో ఇంటికి వెళ్తారు. సరస్సు తిరగబడింది, ఇక వారం దాకా ఇటు రావడం దండగ అనుకుంటారు. ఆ వారాన్ని దండగ అనడానికి నాకు మనసొప్పదు. సరస్సు తన లోపలి అమరికను బయటపెట్టే అరుదైన సమయం అది. దాన్ని చదవగలిగినవాడికి వేసవి వేటా, చలికాలపు వేటా రెండూ అర్థమవుతాయి.

అంతా నీటికున్న ఒక వింత గుణంతో మొదలవుతుంది. నీరు సుమారు 4 డిగ్రీల సెల్సియస్ దగ్గర అన్నిటికన్నా సాంద్రంగా ఉంటుంది. అంతకన్నా వేడెక్కినా తేలికవుతుంది, అంతకన్నా చల్లబడినా తేలికవుతుంది. వేసవిలో ఎండకు కాగిన పై నీరు, దీపపు గ్లాసులో నీళ్ల మీద నూనె నిలిచినట్టు, అడుగున ఉన్న చల్లని నీటి మీద నిలిచిపోతుంది. గాలి ఎంత వీచినా కలిసేది పై పొర ఒక్కటే. రెంటికీ నడుమ ఉష్ణోగ్రత గబగబా పడిపోయే పొర ఒకటి ఏర్పడుతుంది. అక్కడ మీటరు లోతుకు ఒక డిగ్రీ, కొన్నిచోట్ల అంతకన్నా ఎక్కువే తగ్గుతుంది. దాన్నే థర్మోక్లైన్ అంటారు.

ఈ మాటను వాడుకలోకి తెచ్చిన ఎడ్వర్డ్ బర్జ్ విస్కాన్సిన్ విశ్వవిద్యాలయంలో పనిచేశాడు, తర్వాత దానికే అధ్యక్షుడయ్యాడు. మాడిసన్ నగరాన్ని ఆనుకుని ఉన్న మెండోటా సరస్సు ఆయన ప్రయోగశాల. దాని గరిష్ఠ లోతు సుమారు 25 మీటర్లు. ఆయనా, సహచరుడు చాన్సీ జూడే కలిసి సరస్సుల్లో ఏ లోతులో ఎంత ఆక్సిజన్ ఉందో కొలిచి 1911లో పెద్ద గ్రంథమే వెలువరించారు. గాలం వేసేవాళ్లకు అందులో పనికొచ్చే సంగతి ఇది: మెండోటా వంటి సారవంతమైన సరస్సుల్లో పైనుంచి రాలిన నాచు అడుగున కుళ్లి అక్కడి ఆక్సిజన్‌ను తినేస్తుంది. మూత పడినట్టు ఉన్న ఆ అడుగు నీటికి గాలి అందదు. అందుకే నడివేసవి దాటాక థర్మోక్లైన్ కింద చేప ఉండదు. అక్కడికి ఎర దింపి గంటలు గడపడం వృథా శ్రమ. అయితే తేటగా, లోతుగా, పోషకాలు తక్కువగా ఉండే ఉత్తరాది సరస్సుల్లో అడుగున కూడా ఆక్సిజన్ నిలుస్తుంది. అక్కడ లేక్ ట్రౌట్ అనే చేప వేసవంతా ఆ చల్లని నీటిలోనే ఉంటుంది. సూత్రం ఒకటే అయినా సరస్సును బట్టి సమాధానం మారుతుంది.

శరదృతువులో రాత్రులు చల్లబడతాయి. పై నీరు చల్లబడి బరువెక్కి కిందికి దిగుతుంది, థర్మోక్లైన్ రోజురోజుకూ లోతుకు జారుతుంది. పైకీ కిందికీ తేడా దాదాపు పోయిన రోజున గట్టి గాలి వీస్తే చాలు, సరస్సంతా కలిసిపోతుంది. సరస్సు తిరగబడడం అంటే ఇదే. వేసవంతా అడుగున చిక్కుకున్న హైడ్రోజన్ సల్ఫైడ్ అప్పుడు బయటికొస్తుంది. ఆ వాసన దానిదే.

చేపలు ఆ రోజుల్లో తిండి మానేస్తాయని చాలామంది నమ్ముతారు. అసలు సంగతి వేరు. అన్నాళ్లూ చేపను కింది నుంచి కట్టడి చేసిన గోడ పోయింది. పది మీటర్ల నీటిలో ఉండే చేపకు ఇప్పుడు ఇరవై మీటర్లూ తెరుచుకున్నాయి. నిన్నటి చోట అది లేకపోవడానికి కారణం అదే. అక్టోబరులో చేప పడని ప్రతి రోజునూ సరస్సు తిరగబడడం ఖాతాలో వేయడం కూడా తప్పే. చాలాసార్లు అసలు కారణం అప్పుడే దాటిన చలిగాలి.

అనుభవజ్ఞులు వాసన కోసం ఎదురుచూడరు. పై నీరు 15 డిగ్రీల కిందికి దిగినప్పటి నుంచి దారానికి థర్మామీటరు కట్టి లోతుల్లోకి వదులుతారు. పైనా కిందా ఒకే అంకె వస్తే సరస్సు కలిసిపోయినట్టే. సోనార్ ఉన్నవాళ్లకు థర్మోక్లైన్ తెర మీద మసక పట్టీలా కనిపిస్తుంది, అది చెదిరిపోవడమే గుర్తు. తర్వాత చేసే తెలివైన పని, సరస్సు మార్చడం. చిన్న సరస్సులు ముందు తిరగబడతాయి, పెద్దవీ లోతైనవీ వెనక. ఒకటి కలుస్తున్నప్పుడు పక్కది ఇంకా పొరలుగానే ఉంటుంది, మరొకటి అప్పటికే తేరుకుని ఉంటుంది. మిన్నెసోటాలోని మిల్ లాక్స్ వంటి విశాలమైన, లోతు తక్కువ సరస్సులను గాలి వేసవిలోనే తరచూ కలిపేస్తుంది కాబట్టి అక్కడ ఈ గొడవ పెద్దగా ఉండదు. నదికైతే అసలే ఉండదు. ఉన్నచోటే వేయాలనుకుంటే వాగు వచ్చి కలిసే మూల, ఇంకా పచ్చగా ఉన్న నీటిమొక్కల అంచు వెతకాలి. ఎరను నెమ్మదిగా కదపాలి.

నీరు తేరుకున్నాకే అసలు పండగ. వాలై చేపలు నిటారుగా దిగే అంచుల వెంట లోతుకు చేరతాయి. బరువు గాలానికి బతికున్న చిన్న చేపను గుచ్చి అడుగు దాకా దింపితే పెద్దవి పడతాయి. సిస్కో అనే వెండి రంగు చేప, నీరు మంచుకట్టే ముందు గుడ్లు పెట్టడానికి రాతి దిబ్బల మీదికి వస్తుంది. దాని వెంటే దాన్ని తినే పెద్ద చేప మస్కీ వస్తుంది. ఇక్కడ ఒక మాట గట్టిగా చెప్పాలి. తొమ్మిది, పది మీటర్ల కన్నా లోతు నుంచి లాగిన చేపకు గాలితిత్తి ఉబ్బి ప్రాణం మీదికొస్తుంది. దాన్ని తిరిగి వదిలినా చాలాసార్లు బతకదు. వదిలేసే ఉద్దేశంతో పట్టేవాళ్లు అంత లోతుకు ఎర దింపకూడదు.

వసంతంలోనూ మంచు కరిగాక నీరు 4 డిగ్రీలకు చేరి మరోసారి కలుస్తుంది. అది తొందరగా ముగుస్తుంది, వాసన కూడా అంతగా ఉండదు.

మన చెరువులు 4 డిగ్రీలకు ఎన్నడూ చేరవు. అయినా ఏలూరు, కృష్ణా, పశ్చిమ గోదావరి జిల్లాల చేపల రైతులకు ఇలాంటి ప్రమాదం బాగా తెలుసు. ఎండలు కాసి గాలాడని రోజుల తర్వాత ఒక్కసారిగా పెద్ద వాన పడితే చల్లని వాన నీరు కిందికి దిగుతుంది, ఆక్సిజన్ లేని అడుగు నీరు పైకి లేస్తుంది. తెల్లవారుజామున చేపలు పైకొచ్చి నోళ్లు తెరుస్తాయి. రైతు పరుగెత్తి ఏరేటర్లు తిప్పుతాడు. ఆ ఉత్తరాది సరస్సుల్లో మాత్రం నీరంతా కలిసినప్పుడు అడుగుకు చేరిన ఆక్సిజనే మంచు కింద చలికాలమంతా చేపలను బతికిస్తుంది.

ఈ లెక్క ఇప్పుడు మారుతోంది. మెండోటా మంచు వివరాలు 1850ల నుంచి నమోదవుతున్నాయి. అప్పటితో పోలిస్తే మంచు నిలిచే కాలం సుమారు నెల తగ్గింది. వేసవి పొరలు ఎక్కువ కాలం నిలిస్తే సిస్కోకు చావొస్తుంది. పైన భరించలేని వేడి, కింద ఆక్సిజన్ లేని చలి, మధ్యలో మిగిలిన పట్టీ సన్నబడుతుంది. వేడి వేసవుల్లో అవి గుంపులుగా చచ్చి తేలడం విస్కాన్సిన్, మిన్నెసోటావాళ్లు చూశారు. సిస్కో పోతే దాన్ని తిని పెరిగే పెద్ద చేపలూ బక్కచిక్కుతాయి. విస్కాన్సిన్‌లో స్థానికులు కొందరు స్వచ్ఛందంగా సరస్సుల తేటదనం, ఉష్ణోగ్రత, ఆక్సిజన్ కొలిచి ప్రభుత్వానికి అందజేస్తుంటారు. దారానికి థర్మామీటరు కట్టి దింపే ప్రతి గాలంవాడూ తన సరస్సు ఏ ఏడు ఏ తేదీన తిరగబడిందో రాసి పెట్టాలి, ఆ లెక్కలు ఆ స్వచ్ఛంద సేవకుల చేతికి అందాలి.