బిచ్చగాడికి గది, దొరకు గుడిసె

నేపాల్ నుంచి లాసాకు పోయే పాత దారిలో థోంగ్‌లా అనే కనుమ ఉంది. దానికి ఇవతల ఉన్న ఆఖరి ఊళ్లో, 1929లో, బిచ్చగాడి వేషంలో వచ్చిన ఒక మనిషికి రాత్రి పడుకోవడానికి మంచి చోటే దొరికింది. అయిదేళ్ల తర్వాత అదే మనిషి అదే ఊరికి మంచి బట్టల్లో, గుర్రమెక్కి, పెద్దమనిషిలా వచ్చాడు. ఈసారి ఎవరూ చోటివ్వలేదు. ఊరు మొత్తంలోకీ పేద గుడిసెలో తలదాచుకోవాల్సి వచ్చింది.

ఆ మనిషి రాహుల్ సాంకృత్యాయన్. తన టిబెట్ యాత్రా కథనంలో ఈ రెండు రాత్రులనూ పక్కపక్కన పెట్టి, కారణాలు కూడా ఆయనే చెప్పారు. మొదటిసారి వెంట ఉన్న సుమతి అనే మంగోల్ భిక్షువుకు ఆ ఊళ్లో తెలిసినవాళ్లున్నారు. అదీగాక, చోటివ్వడమా మానడమా అన్నది ఆ పూట ఇంటివాళ్ల మనసును బట్టి ఉంటుంది. సాయంత్రం ఛాంగ్ అనే బార్లీ కల్లు పడ్డాక తెలివిలో ఉండేవాళ్లు తక్కువ. ఇంకొకరైతే ఇక్కడ కొండవాళ్ల ఆతిథ్యం మీద ఒక పేజీ రాసేవారు, లేదా తనకు జరిగిన అవమానం మీద రెండు పేజీలు. రాహుల్‌జీ నాలుగైదు వాక్యాల్లో తేల్చేసి కనుమ దారి పట్టారు.

చేతిలో డబ్బు లేకుండా కొండల్లో తిరగడం ఒక పనితనం. తిరిగినదాన్ని రాయడం మరో పనితనం. ఈ రెండూ ఒకే చేతిలో కుదిరినవాళ్లు అరుదు. రాహుల్‌జీలో అవి కుదరడమే కాదు, రెండింటికీ సూత్రం ఒకటే అనిపిస్తుంది నాకు. ఈ రాత్రి ఎవరి చలవవల్ల గడిచింది, అందుకు వాళ్లకెంత ఖర్చయింది అన్న లెక్కను ఆయన కాలినడకలోనూ వదల్లేదు, వాక్యంలోనూ వదల్లేదు.

తెలుగువాళ్లకు ఆయన ఎక్కువగా ‘ఓల్గా నుంచి గంగకు’ రచయితగానే తెలుసు. చాగంటి తులసి అనువాదం ఎన్నో ఇళ్లలో ఉంది. యాత్రికుడిగా ఆయనను కలిసింది మాత్రం సీబీఎస్‌ఈ బడిపిల్లలు. తొమ్మిదో తరగతి హిందీ వాచకం ‘క్షితిజ్’లో ‘ల్హాసా కీ ఓర్’ అన్న పాఠం చాలాకాలం ఉంది. హైదరాబాద్‌లో, విశాఖలో చదివిన పిల్లలు దాన్ని నాలుగు మార్కుల ప్రశ్నలుగా బట్టీపట్టి మరచిపోయి ఉంటారు. నేనిక్కడ విప్పి చూపించబోయేది ఆ కొద్ది పేజీలనే.

ముందు మనిషి గురించి రెండు మాటలు. 1893లో అజంగఢ్ జిల్లాలో కేదార్‌నాథ్ పాండేగా పుట్టారు. ఇల్లు వదిలి సాధువయ్యారు, ఆర్యసమాజంలో తిరిగారు, కాంగ్రెస్ ఉద్యమంలో జైలుకెళ్లారు. 1927లో శ్రీలంక చేరి, విద్యాలంకార పరివేణంలో భిక్షువులకు సంస్కృతం చెబుతూ తాను పాలీ నేర్చుకున్నారు. పడకకూ భోజనానికీ ఆయన చెల్లించిన వెల సంస్కృత పాఠం. రోజుకు కొన్ని గంటల పని, దానికి బదులు చోటూ తిండీ అన్న ఒప్పందంతో ఇప్పటి కుర్రకారు హిమాచల్ కొండల్లో నెలలు గడుపుతున్నారు. సేంద్రియ పొలాల్లో పనికి మారుగా బస ఇచ్చే ‘వూఫ్’ ఏర్పాటు ఇంగ్లండ్‌లో మొదలైంది 1971లో. పద్ధతి మాత్రం అంతకు చాలా పాతది.

అప్పట్లో భారతీయులకు టిబెట్ వెళ్లే అనుమతి లేదు. నేపాల్ గడప దాటడమే కష్టం. శివరాత్రికి పశుపతినాథుడి దర్శనానికి పోయే జనంలో కలిసిపోయి ఆయన కాఠ్మాండూ చేరారు. అక్కడి నుంచి ఎవరో ఒకరి బృందంతో, ఎవరో ఒకరి పరిచయంతో ముందుకు జరగడమే. లారీలు తిరగని ఆ దారిలో ‘లిఫ్ట్’ అంటే అదే.

బిచ్చగాడి వేషం సరిహద్దు దాటడానికే కాదు, ప్రాణం కాపాడుకోవడానికీ పనికొచ్చింది. టిబెట్‌లో ఇలాంటి కనుమల ఎత్తు 16, 17 వేల అడుగులని ఆయన రాశారు. అటూ ఇటూ మైళ్ల తరబడి ఊరు లేదు. నది మలుపుల వల్ల దూరం నుంచి వచ్చేవాళ్లు కనబడరు. అప్పట్లో ఆయుధాల మీద చట్టం లేదు గనుక జనం చేతికర్ర పట్టుకున్నంత మామూలుగా తుపాకీ పట్టుకుని తిరిగేవారు. దొంగ ముందు చంపేసి, ఆ తర్వాత మొలలో డబ్బుందో లేదో చూసేవాడు. ఇంత భయంకరమైన విషయాన్ని రాహుల్‌జీ దొంగవైపు నుంచి ఆలోచించి చెబుతారు: ముందే చంపకపోతే తన ప్రాణానికే ముప్పు కదా! ఆ వెంటనే తన సంగతి. అనుమానం పుట్టించే ముఖం ఎదురైతే టోపీ తీసి, నాలుక బయటపెట్టి, దయచూడమని పైసా అడుక్కోవడమే. ఎక్కడా తన ధైర్యం మాట లేదు. నాలుక బయటపెట్టిన పండితుడి బొమ్మ ఒక్కటి మన కళ్లముందుంచి ఊరుకున్నారు.

ఈ పాఠంలో నాకు అన్నిటికన్నా నచ్చిన చోటు గుర్రం కథ. కనుమ ఎక్కడానికి ఇద్దరూ గుర్రాలు కుదుర్చుకున్నారు. మధ్యాహ్నానికి శిఖరం. దక్షిణాన తూర్పు నుంచి పడమటికి తెల్లటి హిమాలయ శిఖరాలు, ఎదురుగా మంచూ పచ్చదనమూ లేని బోడి కొండలు. రాళ్లకుప్ప, జంతువుల కొమ్ములు, రంగుగుడ్డల జెండాలు ఉన్న దేవుడి స్థానం. ఇంత దృశ్యానికీ ఆయన ఇచ్చింది కొన్ని వాక్యాలే. ఆ తర్వాత దిగుడులో తన గుర్రం మందకొడి నడక మీద మాత్రం తీరిగ్గా రాశారు. గుర్రం వెనకబడింది. రెండు దారులు చీలినచోట ఎడమది పట్టుకుని మైలున్నర పోయాక, ఒక ఇంట్లో అడిగితే, తాము చేరాల్సిన లంగ్‌కోర్ ఊరి దారి కుడివైపుదని తేలింది. వెనక్కి తిరిగి వచ్చేసరికి సాయంత్రం నాలుగైదు గంటలు. సుమతి ఎదురుచూస్తున్నాడు, ముఖం ఎర్రబడి ఉంది. మంగోలుల ముఖం అసలే ఎరుపు, ఇప్పుడైతే నిజంగానే కోపం.

ఆ కోపంలో సుమతి అన్న మాట చూడండి. రెండు బుట్టల పిడకలు కాల్చాననీ, టీని మూడుసార్లు వేడిచేశాననీ అన్నాడు. ఆలస్యాన్ని గంటల్లో కాదు, పిడకల్లో కొలిచాడు. చెట్టన్నది కనబడని ఆ నేలలో పిడక ఎంత విలువైనదో, ఎదురుచూడటం ఎలాంటి పనో ఆ మాటలోనే ఉంది. దానికి రాహుల్‌జీ జవాబు మెత్తగా: తప్పు నాది కాదు మిత్రమా, ఎలాంటి గుర్రం దొరికిందో చూడలేదా? కోపం వచ్చినంత తొందరగానే దిగిపోయింది. సుమతి స్వభావం చెప్పడానికి వేరే పేరా అక్కర్లేకపోయింది.

టీ గురించిన చోటు కూడా ఇలాంటిదే. అప్పటి టిబెట్‌లో ఆడవాళ్లకు పరదా లేదు. ముక్కూమొహం తెలియని వాడైనా ఇంట్లోపలికి పోవచ్చు. టీ ఆకు, వెన్న, ఉప్పు అత్తకో కోడలికో ఇస్తే, కాచి, గొట్టంలో చిలికి తెచ్చిపెడతారు. పొయ్యి దూరంగా ఉండి, మన వెన్నంతా మన టీలోనే పడుతుందా అని అనుమానమొస్తే, లోపలికి వెళ్లి మనమే చిలుక్కోవచ్చు! గొప్ప ఆతిథ్యం, చిన్న అనుమానం, రెండూ ఒకే పేరాలో. అతిథి మనసులోని పిసినారితనాన్ని ఇంత మర్యాదగా బయటపెట్టినవాళ్లు తక్కువ.

ఇక దారిలో తగిలిన షేకర్ విహారం సంగతి. అంతకుముందు సుమతి ఊరూరా తన శిష్యుల ఇళ్లకు పోయి తాయెత్తులు పంచివస్తానంటే, వారం పోతుందని రాహుల్‌జీ ఆపారు. లాసా చేరాక ఆ రూపాయలేవో తానే ఇస్తానని ఒప్పించారు. బరువు మోసేవాడు దొరక్క, మూటలు వీపున కట్టుకుని ఎండలో నడిచారు. మధ్యాహ్నం ఎండలో నుదురు కాలుతుంటే భుజం వెనక మంచులా చల్లగా ఉందట. షేకర్ విహారం గుడిలో, బుద్ధవచనాల టిబెటన్ అనువాదమైన కంజూర్ చేతిరాత సంపుటాలు 103 ఆయన కంటబడ్డాయి. ఒక్కొక్కటి 15 సేర్లకు తక్కువ కాదు, అంటే దాదాపు 14 కిలోలు. ఆయన పుస్తకాల మధ్య కూర్చున్నారు. ఇప్పుడు సుమతి మళ్లీ శిష్యుల దగ్గరికి పోయొస్తానన్నాడు. సరే, వెళ్లు! పుస్తకప్రేమ మీద ఒక్క విశేషణం లేదు. నిన్న కాదన్నది ఇవాళ అవునన్నారు, అంతే.

ఒక చోట మాత్రం నాకు అసంతృప్తి. ఆ నేలంతా జాగీర్ల కింద పంచి ఉందనీ, ఎక్కువ భాగం మఠాలదేననీ, సేద్యానికి కూలీలు ఊరికే వస్తారనీ, జాగీరు చూసే భిక్షువు రైతులకు రాజుతో సమానమనీ ఆయనే రాశారు. ఊరికే రావడమంటే ఏమిటో తెలంగాణ పాఠకుడికి చెప్పనక్కర్లేదు. మనకు దాని పేరు వెట్టి. ఆ వెంటనే షేకర్ జాగీరు భిక్షువు నమ్సే చాలా మంచివాడనీ, తన మాసిన బట్టలు చూసి కూడా ప్రేమగా పలకరించాడనీ అంటారు. రెండూ నిజమే అయి ఉంటాయి. కానీ ఆ పొలంలో వంగిన మనిషి గొంతు ఒక్కటైనా వినిపించి ఉంటే బాగుండేది. తిన్న ఇంటి అతిథికి ఉండే మొహమాటం అంతటి కమ్యూనిస్టు కాబోయే మనిషికీ తప్పలేదేమో.

తర్వాత ఆయన రాసిన ‘ఘుమక్కడ్ శాస్త్ర’లో ఈ అనుభవమంతా సూత్రాలుగా మారింది. సంచారి ఎవరికీ బరువు కాకూడదు. క్షౌరం, ఫొటోగ్రఫీ, ఒళ్లొంచి చేసే పని ఏదో ఒకటి వచ్చి ఉండాలి. అయితే ఇవి ఒంటిని నడిపించడానికే సరిపోతాయి. కొత్త మనుషుల మధ్య తలెత్తుకుని కలిసిపోవాలంటే పాటో, ఆటో, వాయిద్యమో ఉండాలంటారు. ఆడవాళ్ల సంచారానికి వేరే అధ్యాయమే ఇచ్చి, వాళ్ల హక్కును గట్టిగా సమర్థించారు. బంధాలు తెంచుకొమ్మని యువకులకు చెప్పే అధ్యాయం మాత్రం కరుకుగా ఉంటుంది. వెనక మిగిలిన ఇంటివాళ్ల లెక్క అక్కడ లేదు. లెక్క వదలని మనిషి ఆ ఒక్కటీ వదిలేశారు.

టిబెట్‌కు చేసిన ఆ మొదటి యాత్ర నుంచి ఆయన 22 కంచర గాడిదల మీద గ్రంథాలు, చిత్రపటాలు తెచ్చారు. ఆ సంపద పాట్నా చేరింది. ఆ తర్వాత 1934, 1936, 1938లో మళ్లీ వెళ్లారు. చైనీయ, టిబెటన్ అనువాదాల్లోనే మిగిలిందనుకున్న నాగార్జునుడి ‘విగ్రహవ్యావర్తని’ సంస్కృత ప్రతి 1936లో షాలూ విహారంలో ఆయనకు దొరికింది. మరుసటి ఏడు కాశీప్రసాద్ జయస్వాల్‌తో కలిసి అచ్చువేయించారు. నాగార్జునకొండకు పడవలో పోయేవాళ్లకు ఈ సంగతి చెప్పేవాళ్లు ఉండరు.

మీ ఇంట్లో తొమ్మిదో తరగతి పాత హిందీ వాచకం ఉంటే, చిత్తుకాగితాలవాడికి వేసేముందు ఆ పాఠం ఒకసారి తెరవండి. పావుగంట పట్టదు.