దాచిన సీరం, కొత్త ప్రశ్న

1955లో యమునకు వరద వచ్చి, నది తన పాయ మార్చుకుంది. నజఫ్‌గఢ్ కాలువలోని మురుగు ఢిల్లీ నగరానికి నీళ్లు తోడే వజీరాబాద్ దాకా ఎదురెక్కింది. కొన్ని వారాలకు ఊరంతా కామెర్లు. ఆ డిసెంబరు, జనవరి నెలల్లో దాదాపు 29,000 మందికి కళ్లు పచ్చబడ్డాయి. నీటితో వచ్చే కామెర్లు హెపటైటిస్ ఎ తప్ప మరొకటి కావని అప్పటి నమ్మకం. పాతికేళ్లపాటు ఆ మాటే చెల్లింది.

దాన్ని తిరగరాయించింది అప్పటి రోగుల రక్తం నుంచి తీసి దాచిపెట్టిన సీరమే. అమెరికాలో బెథెస్డాలోని జాతీయ ఆరోగ్య సంస్థల్లో రాబర్ట్ పర్సెల్ అనే వైరాలజిస్టు ఉండేవారు. 1973లో ఆయనా, స్టీఫెన్ ఫైన్‌స్టోన్, ఆల్బర్ట్ కపీకియన్ కలిసి హెపటైటిస్ ఎ వైరస్‌ను మొదటిసారి కంటితో చూశారు. రోగి మలం నుంచి తీసిన ద్రావణంలో, జబ్బు తగ్గిన మనిషి సీరం కలిపారు. సీరంలోని యాంటీబాడీలు వైరస్ కణాలను ముద్దగా పట్టి ఉంచితే, ఎలక్ట్రాన్ మైక్రోస్కోపు కింద ఆ గుత్తులు దొరికాయి. ఆ పని నుంచే హెపటైటిస్ ఎ రక్త పరీక్షలు పుట్టాయి.

ఆ పరీక్షలు చేతిలోకి రాగానే వాటిని పాత సీరం మీద ప్రయోగించి చూడాలన్న ఆలోచన రావడమే గొప్ప. బెథెస్డా బృందం, పుణె వైరాలజీ సంస్థ శాస్త్రవేత్తలు కలిసి చేసిన ఆ పని 1980లో లాన్సెట్ పత్రికలో వచ్చింది. ఇక్కడొక చిక్కుంది. అప్పట్లో మన దేశంలో పెద్దవాళ్లలో దాదాపు అందరికీ హెపటైటిస్ ఎ చిన్నప్పుడే సోకి పోయి ఉండేది. కాబట్టి యాంటీబాడీ కనిపించినంత మాత్రాన ఏమీ తేలదు. వాళ్లు వెతికింది ఐజీఎమ్ రకం కోసం. అది కొత్తగా సోకినప్పుడే పుడుతుంది. ఢిల్లీ రోగుల్లో పాత గుర్తులున్నాయి, కొత్తవి లేవు. హెపటైటిస్ బి కూడా కాదు. అంటే ఇంకా పేరు పెట్టని వైరస్ ఒకటి ఉందన్నమాట. ఆ వైరస్‌ను ఎవరూ చూడకముందే అది ఉందని తేల్చిన ఆ తర్కం నాకు ఇప్పటికీ అబ్బురంగానే ఉంటుంది.

1983లో సోవియట్ వైరాలజిస్టు మిఖాయిల్ బలయాన్ రోగుల మల ద్రావణాన్ని తానే తాగి, జబ్బు తెచ్చుకుని, తన మలంలో ఆ వైరస్ కణాలను చూపించారు. ఆ తెగువను తక్కువ చేయలేం. కానీ కణాన్ని చూస్తే సరిపోదు, దాని జన్యువు చేజిక్కాలి.

ఆ పని అట్లాంటాలోని వ్యాధి నియంత్రణ సంస్థ సీడీసీలో డేనియల్ బ్రాడ్లీ, కాలిఫోర్నియాలోని జీన్‌ల్యాబ్స్ కంపెనీలో గ్రెగరీ రేయెస్ బృందం కలిసి చేశారు. మలంలో వెతికితే బ్యాక్టీరియా జన్యువుల గోలలో వైరస్ జన్యువు వినబడదు. కాలేయంలో పెరిగే వైరస్ పిత్తంలోకి దిగుతుంది, పిత్తం మలం కంటే ఎంతో శుభ్రం. అందుకని బర్మా రోగి నుంచి వచ్చిన నమూనాతో జబ్బు చేసిన మకాక్ కోతి పిత్తాన్ని ఎంచుకున్నారు. అందులోని ఆర్‌ఎన్‌ఏను డీఎన్‌ఏగా మార్చి, ముక్కలు ముక్కలుగా క్లోన్ చేసి, ఆరోగ్యంగా ఉన్న కోతి పిత్తంతో పోల్చి చూశారు. ఒకదానిలో ఉండి, రెండోదానిలో లేని ముక్క కావాలి. అలా ఒకటి దొరికింది.

దొరకగానే ప్రకటించి ఉంటే నేనిది రాసేవాణ్ణి కాదు. ఆ ముక్క కోతిదో మనిషిదో కాదని ముందు రూఢి చేసుకున్నారు. తర్వాత ప్రపంచంలో వేర్వేరు చోట్ల వచ్చిన ఐదు కామెర్ల ఉప్పెనల నమూనాల్లో అదే జాడ ఉందేమో వెతికారు. ఉంది. 1990లో సైన్స్ పత్రికలో ఫలితం వచ్చింది. మరుసటి ఏడే పూర్తి జన్యువు, సుమారు 7,200 అక్షరాల పొడవున, చదవడం అయిపోయింది. ఆ వైరస్ తెచ్చే జబ్బే హెపటైటిస్ ఇ. ఇవాళ ఏ దేశంలో దాని రక్త పరీక్ష చేసినా ఆ పనికి రుణపడినట్టే.

పరీక్ష వచ్చాక అమెరికాలోనే కొత్త చిక్కు మొదలైంది. ఎప్పుడూ దేశం దాటని అమెరికన్ల రక్తంలో కూడా హెపటైటిస్ ఇ యాంటీబాడీలు కనిపించాయి. పరీక్షే తప్పని కొట్టేయడం తేలిక. పర్సెల్ బృందంలోని షియాంగ్‌జిన్ మెంగ్ మాత్రం మధ్య పశ్చిమ రాష్ట్రాల పందుల ఫారాల వైపు చూశారు. పుట్టిన పంది పిల్లలను వెంబడించి, మళ్లీ మళ్లీ రక్తం తీశారు. తల్లి నుంచి వచ్చిన యాంటీబాడీలు తగ్గిపోవడం, ఆ తర్వాత పిల్లల్లో సొంతవి పుట్టడం అంచెలంచెలుగా కనిపించింది. వాటి నుంచే వైరస్‌ను పట్టుకున్నారు. 1997లో ప్రచురించారు. ఆ కాలంలోనే అమెరికాలో మనుషుల్లో దొరికిన రకాలు పందుల వైరస్‌కు అతి దగ్గరివని తేలింది. పాత పరీక్ష అబద్ధం చెప్పలేదు.

దాచిన సీరం మళ్లీ పనికొచ్చినందుకు 2011లో మరో ఉదాహరణ. మందుల వల్ల కాలేయం దెబ్బతిందని అమెరికా పరిశోధక ఆస్పత్రులు నమోదు చేసిన రోగుల్లో 318 మంది సీరంను మళ్లీ పరీక్షిస్తే, తొమ్మిది మందిలో హెపటైటిస్ ఇ ఐజీఎమ్ కనిపించింది. నలుగురిలో వైరస్ జన్యువే దొరికింది. మందు మీద పడ్డ నింద వైరస్‌ది కావచ్చునన్నమాట.

ఈ నేర్పు ప్రయోగశాలలో ఆగిపోలేదు. 2007 చివర్లో ఉత్తర ఉగాండాలోని కిట్‌గుమ్‌లో, ఇళ్లు వదిలి వచ్చినవాళ్ల శిబిరాల్లో, మొదలైన హెపటైటిస్ ఇ ఉప్పెనలో 10,000కు పైగా జబ్బుపడ్డారు. అక్కడ సీడీసీ నిపుణులు బావినీ బోరునీ చూసి ఊరుకోలేదు. ఒకే ఇంట్లో మొదటి రోగికీ తర్వాతి రోగికీ మధ్య ఎన్ని వారాలో లెక్కగట్టారు. సోకిన రెండు నుంచి పది వారాలకు గానీ బయటపడని జబ్బు ఇది. ఆ వ్యవధిని బట్టి, మనిషి నుంచి మనిషికి కూడా పాకుతోందని గ్రహించారు. ఒకే గిన్నెలో అందరూ చేతులు కడుక్కోవడం, తాగే నీళ్లను వెడల్పు మూతి పాత్రల్లో నిల్వ ఉంచడం ముప్పును పెంచుతున్నాయని తేలింది. మూతి చిన్నదైతే చెయ్యి లోపలికి పోదు. ఇంతటి శ్రమ చివరికి ఇంట్లో వాడే పాత్ర మూతి దాకా వచ్చింది చూడండి, అదే నాకు ఎక్కువ నచ్చింది.

మన వాళ్లకు ఇది దూరపు సంగతి కాదు. 2005లో హైదరాబాద్‌లో వచ్చిన హెపటైటిస్ ఇ కూడా మురుగు కాలువల గుండా వెళ్లే నీటి పైపుల వెంటే పాకింది. నిండు గర్భిణులకు ఇది సోకితే నూటికి ఇరవై, పాతిక మంది దాకా చనిపోయే ప్రమాదం ఉంది. అమెరికా నుంచి వేసవిలో పుట్టింటికి వచ్చి వెళ్లే గర్భిణికి తిరిగి వెళ్లాక కామెర్లు వస్తే, ప్రయాణం సంగతి డాక్టరుకు చెప్పి తీరాలి. ఎందుకంటే ఇంత చేసిన అమెరికాలోనే ఈ పరీక్షకు ఆహార, ఔషధ పాలన సంస్థ ఆమోదం లేదు, ఈ జబ్బు దేశమంతటా విధిగా నమోదు చేసే జాబితాలోనూ లేదు. డాక్టరు అనుమానిస్తేనే వెతుకుతారు. ఇది నాకు మింగుడుపడని లోటు.

టీకా కథలోనూ అదే వెలితి. అమెరికా సైన్యపు వాల్టర్ రీడ్ సంస్థ నేపాల్ సైనికుల మీద పరీక్షించిన టీకా 95 శాతానికి పైగా కాపాడిందని 2007లో వెల్లడైంది, కానీ అది అంగడికి రాలేదు. చైనాలో తయారైన హెకోలిన్ వచ్చింది. 2022 మార్చిలో దక్షిణ సూడాన్‌లోని బెంటియూ శిబిరంలో, జబ్బు ఉప్పెనను ఆపడానికి ప్రపంచంలోనే మొదటిసారి దాన్ని వేశారు. సూది వేయించుకున్నవాళ్లలో గర్భిణులూ ఉన్నారు.