‘ఉజ్జీ’: అర్థపరిధి, ప్రయోగ విచారం

పోటీకి సంబంధించి తెలుగులో పోటీదారు, ప్రత్యర్థి, సాటి, ఉజ్జీ వంటి పదాలు వాడుకలో ఉన్నాయి. వీటిని పర్యాయపదాలుగా పరిగణించడం పరిపాటి. ప్రయోగాలను పోల్చి చూస్తే ఆ అభిప్రాయం నిలవదు.

‘ప్రత్యర్థి’ తత్సమం. ధర్మశాస్త్రాల వ్యవహార ప్రకరణాల్లో వాది ‘అర్థి’, ప్రతివాది ‘ప్రత్యర్థి’. ఈ పదం ఎదుటి పక్షాన్ని తెలుపుతుందే గాని దాని బలాన్ని తెలపదు. అందువల్లనే ‘గట్టి ప్రత్యర్థి’ అని విశేషణం చేర్చవలసి వస్తుంది. ‘అతనికి ఇతడు ప్రత్యర్థి కాడు’ అంటే ఇద్దరి మధ్య పోటీయే లేదని అర్థం. ‘అతనికి ఇతడు ఉజ్జీ కాడు’ అంటే పోటీకి దిగినా ఇతని బలం చాలదని అర్థం. మొదటి వాక్యం పోటీని నిషేధిస్తే, రెండవది సమత్వాన్ని నిషేధిస్తుంది.

ఈ సమత్వ భావానికి పల్లెల్లో పిల్లల ఆటలు మంచి నిదర్శనం. జట్లు కట్టేటప్పుడు ఈడూ బలమూ సరిపోయే ఇద్దరు ఉజ్జీలుగా ఏర్పడతారు. వారు పక్కకు వెళ్లి రహస్యంగా చెరొక పేరు పెట్టుకొని వస్తారు. నాయకుడు ఒక పేరు కోరుకుంటే ఆ పేరుగలవాడు అతని జట్టులోకి, రెండవవాడు ఎదుటి జట్టులోకి చేరతారు. ఇక్కడ సమత్వాన్ని అంగీకరించడం ముందు, ఎదిరించడం తరువాత. ‘సాటి’ పదంలోనూ సమత్వం ఉంది. అయితే ‘సాటి మనిషి’ వంటి ప్రయోగాల్లో అది పోటీని విడిచి సహభావాన్ని ఆశ్రయించింది. ‘ఉజ్జీ’ రెండింటినీ నిలుపుకొంది.

పత్రికల్లో తరచుగా కనిపించే ‘సమ ఉజ్జీ’ ఈ దృష్టితో పరిశీలించదగినది. ఉజ్జీలోనే సమత్వం ఉన్నందున ఇది పునరుక్తి. దీనిని కేవలం దోషంగా ఎంచడం కన్నా, మూలపదంలో సమత్వార్థం పలచబడుతోందనడానికి సూచనగా గ్రహించడం సమంజసం. ఆ అర్థం పూర్తిగా జారిపోతే ‘ఉజ్జీ’ మరొక ‘ప్రత్యర్థి’గా మిగులుతుంది.

ఈ పదానికి పరిమితి కూడా ఉంది. ఇది సాపేక్షం, ఇద్దరు బలహీనులు కూడా ఉజ్జీలే. పలువురు పాల్గొన్న పోటీలో గెలుపు అవకాశం గలవానిని చెప్పడానికి ‘గట్టి పోటీదారు’ అనడమే సముచితం. కనుక నిఘంటువుల్లో ‘ఉజ్జీ’కి ‘సమానుడు’ అని మాత్రమే అర్థమిస్తే చాలదు. పోటీ సందర్భాన్నీ, ‘అతనికి ఉజ్జీ’ అనే షష్ఠీ ప్రయోగాన్నీ కూడా నమోదు చేయాలి.