పడవ వెనక చీకటి

టీవీ కొంటున్నాం, ఏది మంచిదని ఎవరైనా అడిగితే నేను చెప్పేది ఒకటే. పెన్‌డ్రైవ్‌లో ‘మాయాబజార్’ వేసుకుని వెళ్లండి. రంగులద్దింది కాదు, 1957 నాటి నలుపు తెలుపుదే. ఛాయాగ్రాహకుడు మార్కస్ బార్ట్లే తీసిన వెన్నెల్లో పడవ పాట పెట్టించి, షాపువాళ్లను బతిమాలి ఆ మూల లైట్లు ఆర్పించండి. పడవ వెనక చీకటి నల్లగా ఉందా, బూడిద రంగులో ఉందా చూడండి. తెర సంగతి సగం అక్కడే తేలిపోతుంది.

షాపులో అంత వెలుగులో, పూలూ చిలకలూ కదిలే వీడియోలో అన్ని టీవీలూ బాగానే ఉంటాయి. నేనూ అలా చూసే మొదటి ఎల్‌సీడీ కొన్నాను. రాత్రి ఇంట్లో లైట్లు తీస్తే ప్రతి చీకటి సన్నివేశం మీదా మంచు కమ్మినట్టుండేది. ఎల్‌సీడీలో వెనకనున్న లైటు వెలుగుతూనే ఉంటుంది. ముందున్న ద్రవ స్ఫటికాలు తలుపుల్లాంటివి. ఎంత బిగించి మూసినా సందుల్లోంచి కాస్త వెలుగు కారుతుంది. ఎల్‌సీడీల్లో ఐపీఎస్ రకం మామూలు ప్యానెల్‌లో తెలుపు నలుపుకన్నా దాదాపు 1,000 రెట్లు ప్రకాశవంతం. వీఏ రకంలో అది 3,000 దాకా, ఇంకా పైకి కూడా వెళ్తుంది కానీ పక్కకు కూర్చున్నవాళ్లకు బొమ్మ వెలిసిపోతుంది. క్యూఎల్‌ఈడీ పేరు విని ఓఎల్‌ఈడీకి చుట్టమనుకుంటారు. అదీ ఎల్‌సీడీయే. క్వాంటం డాట్ల పొర వల్ల బాగుపడేది రంగులు, నలుపు కాదు.

ప్లాస్మా పోయిందన్న బాధ నాకింకా ఉంది. 1964లో ఇల్లినాయ్ విశ్వవిద్యాలయంలో పుట్టిన పద్ధతి అది. గాజు పలకల మధ్య సన్నని అరల్లో వాయువు, దానికి కరెంటు తగిలితే అతినీలలోహిత కాంతి, ఆ కాంతికి వెలిగే ఫాస్ఫర్. పయనీర్ తన ప్లాస్మా టీవీలకు ‘కురో’ అని పేరు పెట్టింది. జపనీస్‌లో ఆ మాటకు నలుపు అని అర్థం. ఏం కావాలో తెలిసినవాళ్లు పెట్టిన పేరు! బరువు, వేడి, కరెంటు ఖర్చు దాన్ని ముంచాయి. 2013, 2014ల్లో పెద్ద కంపెనీలు ఒకదాని వెనక ఒకటి తప్పుకున్నాయి.

ఆ నలుపు మళ్లీ ఓఎల్‌ఈడీలో దొరికింది. కోడాక్‌లో పనిచేసిన చింగ్ టాంగ్, స్టీవెన్ వాన్ స్లైక్ 1987లో ప్రకటించిన పరిశోధన దానికి మూలం. ఇందులో వెనక లైటే లేదు. కార్తీకమాసంలో అరుగు మీద పెట్టిన ప్రమిదల్లా ప్రతి చుక్కా తానే ఒక దీపం. ఆరితే అక్కడ చీకటే. మా హాల్లో ఇప్పుడున్నది అదే.

కానీ పగలంతా నా పని అక్షరాలతో. ఒక వారం ఓఎల్‌ఈడీ మానిటర్ మీద ప్రూఫులు దిద్ది చూశాను. చాలా ఓఎల్‌ఈడీ మానిటర్లలో ఎరుపు, ఆకుపచ్చ, నీలం చుక్కలు ఎల్‌సీడీలోలా మామూలు వరసలో ఉండవు. దాంతో అక్షరం అంచున సన్నగా రంగు కనిపిస్తుంది. ఇంగ్లీషుకు అంతగా ఇబ్బంది లేదు. మనకు దకీ ధకీ మధ్య ఉన్నది ఒక్క చిన్న గీత, గుడికీ గుడిదీర్ఘానికీ మధ్య ఉన్నది ఒక్క చిన్న మెలిక. సాయంత్రానికి కళ్లు లాగేవి. మళ్లీ 27 అంగుళాల ఫోర్‌కే ఐపీఎస్‌కే వచ్చాను. అందులో అంగుళానికి 163 చుక్కలు. అదే సైజు ఫుల్ హెచ్‌డీలో 82 దాకా మాత్రమే. తెలుగు దిద్దేవాళ్లకు నలుపు కంటే ఈ లెక్కే ముఖ్యమని నా నమ్మకం.

అమ్మ గదిలో వీఏ ఎల్‌సీడీ పెట్టాం. ఆమె రోజంతా వార్తలు చూస్తుంది. మూలన కదలని లోగో, అడుగున ఆగని స్క్రోలింగు. ఓఎల్‌ఈడీలో ఆ చుక్కలు వాడకానికి అరిగి, లోగో నీడ తెర మీద ఉండిపోయే ప్రమాదం ఉంది. పైగా ఆ గదికి పడమటి కిటికీ. ఎండలో ఎల్‌సీడీ వెలుగే నిలబడుతుంది.

మొన్న రాత్రి పడవ పాట వినబడి ఆమె హాల్లోకి వచ్చి కూర్చుంది. కాసేపు చూసి, ‘ఆ వంటింట్లో లైటు కూడా తీసెయ్యరా’ అంది.